పెన్న మొగ దగ్గర గట్టు మీంచి గాలం: మన వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రొద్దుటూరు, మైదుకూరు, జమ్మలమడుగు వైపు గాలం పిచ్చి ఉన్నవాళ్లు తక్కువేం లేరు. మైలవరం నుంచి నీళ్లు వదిలినప్పుడు పెన్నలోనో, కేసీ కెనాల్‌లోనో నాలుగు జిలేబి చేపలు, రెండు జెల్లలు పట్టి చెయ్యి కాస్త తిరిగాక అందరికీ ఒకటే ఆలోచన పుడుతుంది, ఇదే ఏరు సముద్రంలో కలిసే చోట వేస్తే ఎట్లుంటుందని. నేను ఎనిమిదేళ్లుగా ఏడాదికి నాలుగైదుసార్లు పోయి వస్తున్నా. పెద్ద మొనగాణ్నేం కాదు, సగంసార్లు ఖాళీ బాక్సుతోనే తిరిగొచ్చా, అందుకే ఎక్కడ తప్పు జరుగుతుందో బాగా తెలుసు. పోయే ముందురోజు రాత్రి పదింటికి ఫోన్ చేసి అడిగేవాళ్ల కోసం అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఇంక నన్ను నిద్రపోనివ్వండి.

మన పెన్నకూ, మొగ దగ్గర పెన్నకూ అంత తేడా ఏముందన్నా?

ఏరు ఒకటే. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం వైపు దాటి, గండికోట లోయలో దూరి, మన ప్రొద్దుటూరు పక్కగా పోయి, సిద్ధవటం, సోమశిల మీదుగా నెల్లూరు దాటాక ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం 597 కిలోమీటర్లు. మనకు పెన్న అంటే ఏడాదిలో ముప్పాతిక భాగం ఇసుకే. నీళ్లొచ్చినా ఒకే దిక్కుకు పోతాయి, పైనుంచి కిందికి. మొగ దగ్గర, అంటే సముద్రంలో కలిసే ఆ నోటి దగ్గర, పొద్దున ఆరింటికి సముద్రం వైపు పరిగెత్తిన నీళ్లు మధ్యాహ్నానికి మన వైపు పరిగెత్తుతుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. కొబ్బరి మట్ట ఒకటి కిందికి పోతా పోతా ఆగింది, ఉన్నచోటే రెండు చుట్లు తిరిగింది, తర్వాత వచ్చిన దారినే వెనక్కి పోయింది. మన దగ్గర ఎక్కడ వేయాలా అని వెతుక్కుంటాం, అక్కడ ఎప్పుడు వేయాలా అని వెతుక్కోవాలి. చోటు ఎంత మంచిదైనా గంట తప్పిందంటే రోజంతా దారానికి కట్టిన సీసం గుండు కడుక్కుని రావడమే.

పోటు, పాటు అంటారు కదా, ఏది ఏది?

సముద్రం నీళ్లు ఏట్లోకి ఎక్కేది పోటు, తిరిగి దిగేది పాటు. మన తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. నిండుగా ఎక్కిన నీళ్లు పూర్తిగా దిగడానికి సుమారు ఆరు గంటల పన్నెండు నిమిషాలు. చంద్రుడు రోజూ ఆలస్యంగా వస్తాడు కదా, దాంతోపాటే పోటు కూడా సగటున 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. "పోయిన ఆదివారం ఎనిమిదింటికి బాగా పడినాయి, ఈ ఆదివారం కూడా ఎనిమిదింటికే పోదాం" అని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఉన్నారు. ఏడు రోజులకు దాదాపు ఆరు గంటలు జరుగుతుంది అబ్బీ, పోయిన వారం పోటున్న గంటలో ఈ వారం పాటు ఉంటుంది.

నెల్లూరు వైపు పోటు ఎత్తు మీటరుకు అటూ ఇటూనే అంట, దానికే అంత ఉరవడి ఎందుకు?

గుజరాత్‌లో ఖంభాత్ దగ్గర పోటు 10 మీటర్లు దాటుతుంది, దాంతో పోలిస్తే మనది చిన్నదే. కానీ నీళ్ల ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతాం. మన చెరువు తూము గుర్తు తెచ్చుకోండి. చెరువు ఎంత నిమ్మళంగా ఉన్నా తూము దగ్గర కాలు పెడితే లాగేస్తుంది, ఎందుకంటే చెరువంతా ఆ చిన్న కంతలోంచే పోవాలి. మొగ కూడా అంతే. లోపల ఏరు, పక్క కాలువలు, ఉప్పు కయ్యలు, మడ చెట్ల సందులు అన్నీ కలిపి మైళ్ల కొద్దీ నీళ్లు, అవన్నీ ఇసుక మేటల మధ్య ఉన్న ఇరుకు నోట్లోంచే ఆరు గంటల్లో బయటికి రావాలి. దానికి తోడు పాటులో పైనుంచి వచ్చే ఏటి నీళ్లు కూడా కలుస్తాయి కాబట్టి చాలాసార్లు పోటు కన్నా పాటే గట్టిగా లాగుతుంది.

ఇంకో సంగతి, నీళ్లు ఆరు గంటలూ ఒకే తీరుగా ఎక్కవు. పడవలవాళ్లు వాడే పాత లెక్క ఒకటుంది, పన్నెండో వంతుల లెక్క. మొదటి గంటలో పన్నెండింట ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలో మూడు, అయిదులో రెండు, ఆరులో ఒకటి. 96 సెంటీమీటర్ల పోటు అనుకుంటే మొదటి గంటలో 8 సెంటీమీటర్లే ఎక్కుతుంది, "ఏముందిలే" అనిపిస్తుంది, మూడు, నాలుగు గంటల్లో మాత్రం గంటకు 24. అంటే నడిమి రెండు గంటల్లోనే సగం నీళ్లు వచ్చేస్తాయి. మనవాళ్లు ఇరుక్కునేది సరిగ్గా అప్పుడే. ఇది ఉజ్జాయింపు లెక్కే, గాలిని బట్టి, ఏటి నీళ్లను బట్టి మారుతుంది.

సమయం ఫోన్‌లో చూడాలా, పంచాంగం చూడాలా?

రెండూ చూడండి. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచార కేంద్రం ఉంది, వాళ్లు పోటుపాట్ల అంచనాలు, పెద్ద అలల హెచ్చరికలు ఇస్తారు. మనకు దగ్గరి రేవు కృష్ణపట్నం, ఆ పేరుతో చూసుకోవాలి.

పంచాంగం ఎందుకంటే, అమావాస్యకు, పౌర్ణమికి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు పోట్లు పెద్దవి, ఉరవడి ఎక్కువ. అష్టమి అటూ ఇటూ పోట్లు చిన్నవి, నీళ్లు కాస్త మెత్తగా ఉంటాయి. కొత్తగా పోయేవాళ్లు అష్టమి చూసుకునే పోండి, పౌర్ణమి వెన్నెల్లో ఏటిగట్టు అందంగా ఉంటుంది నిజమే, గాలం మాత్రం కుదురుగా నిలవదు. ఇంకో కిటుకు చెప్తా, ఇది నాకు ఒక పెద్దాయన చెప్పింది: ఒక అమావాస్య రోజు అక్కడ నిండుపోటు ఎన్ని గంటలకో రాసిపెట్టుకుంటే, మిగతా అమావాస్యలకు, పౌర్ణములకు కూడా దాదాపు అదే వేళకు ఉంటుంది. అక్కణ్నుంచి రోజుకు 50 నిమిషాలు కలుపుకుంటూ పోవడమే. ఫోన్ లేని రోజుల్లో వేటకు పోయేవాళ్ల లెక్క తిథి మీదే నడిచింది.

ఒక చిక్కు ఉంది. పట్టికలో ఉండే సమయం రేవుది. ఏట్లో లోపలికి పోయేకొద్దీ నీళ్లు ఆలస్యంగా తిరుగుతాయి. పైగా నీళ్లు నిండుగా ఎక్కడం, పారకం ఆగడం రెండూ ఒకే నిమిషంలో జరగవు, ఎత్తు తగ్గడం మొదలైనా కాసేపు లోపలికి పారుతూనే ఉండొచ్చు. నేను నిలబడే చోట నలభై నిమిషాల నుంచి గంట దాకా తేడా వస్తుంది. మీ చోట ఎంతో మీరే గట్టు మీద ఒక పుల్ల గుచ్చి, గడియారం చూసి తెలుసుకోవాలి.

మరి చేపలు పడేది ఏ గంటలో?

నాకైతే నిండుపోటుకు ముందు రెండు గంటలు, పాటు మొదలైన తర్వాత గంట, గంటన్నర. నీళ్లు పూర్తిగా నిలబడిపోయిన ఇరవై నిమిషాలు టీ తాగడానికి బాగుంటాయి, అంతే. నడిమి ఉరవడిలో చేపలు ఉండవని కాదు, మన సీసమే నేల మీద ఉండదు.

పక్క కాలువ నోళ్లు మాత్రం వేరే కథ. అక్కడ పాటు నడిమిలో కూడా పడతాయి. మడ చెట్ల సందుల్లోంచి నీళ్లు దిగుతుంటే చిన్న చేపలు, రొయ్యలు కూడా దిగక తప్పదు, పండుగప్ప ఆ నోటి పక్కన నీడలో నిలబడి, సంగటి ముద్ద నోటికి అందించినట్టు వచ్చినదాన్ని వచ్చినట్టు మింగుతుంది.

గట్టు మీద ఎక్కడ నిలబడాలి?

మధ్యలో పరిగెత్తే నీళ్లను చూసి "అబ్బా అక్కడికి విసరాలి" అనుకుంటారు అందరూ. వద్దు. చేప కూడా మనలాంటిదే, ఊరికే ఎదురీది ఒళ్లు అలవగొట్టుకోదు. ఉరవడి నీళ్లు, నిమ్మళం నీళ్లు రాసుకునే గీత ఒకటి కనిపిస్తుంది, దాని మీద నురగ, ఆకులు వరసగా పోతుంటాయి. ఆ గీతకు నిమ్మళం వైపు వేయాలి. ఏరు వంపు తిరిగేచోట లోపలి పక్క, రాళ్ల కట్ట చివర వెనకపక్క, ఇవన్నీ అట్లాంటి చోట్లే. చాలాసార్లు ఆ గీత గట్టుకు పదిహేను మీటర్ల లోపే ఉంటుంది, బలమంతా పెట్టి వంద మీటర్లు విసిరే పనే ఉండదు.

పాటు పూర్తిగా దిగిన వేళ ఒకసారి పోయి నేల చూసుకోండి. గుంటలు, పాత గుంజలు, తెగిన వలలు అన్నీ బయటపడతాయి. రెండు ఫోటోలు తీసుకుంటే తర్వాత పది సీసం గుండ్లు మిగులుతాయి.

ఎంత సీసం కట్టాలి? నాది నిలబడటం లేదు, కొట్టుకుపోతోంది.

అందరూ ముందు అడిగేది ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తా. మన కెనాల్‌లో 20, 30 గ్రాముల గుండు చాలు. అక్కడికి 60 నుంచి 120 గ్రాముల దాకా నాలుగు రకాలు పెట్టుకుని పోవాలి. నీళ్ల వేగం రెండింతలైతే దారం మీద పడే బలం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. అందుకే పది గంటలకు బాగా నిలబడిన గుండు పదకొండుకు పెన్న దాటిపోతుంది.

కానీ బరువు పెంచడం ఒక్కటే మందు కాదు. కొట్టుకుపోయేది నిజానికి గుండు కాదు, దారం. నీళ్లలో ఉన్న దారమంతా తెరచాపలాగా పని చేసి గుండును లాక్కుపోతుంది. కాబట్టి దారం సన్నగా ఉండాలి. 0.40 మిల్లీమీటర్ల నైలాన్ వాడేవాణ్ని, అల్లిన దారానికి మారినాక అదే గుండు నిలబడటం మొదలైంది, ఎందుకంటే అదే బలానికి ఇది సగం మందమే ఉంటుంది. రెండోది, రాడ్డు పైకెత్తి పెట్టండి. గట్టు దగ్గరి దారం నీళ్లకు తగలకపోతే అంత లాగుడు తగ్గుతుంది. మూడోది గుండు ఆకారం. గోళీలాగా గుండ్రంగా ఉంటే దొర్లుతుంది, పలకగా ఉన్నదో, నాలుగు ఇనుప తీగల కాళ్లున్నదో ఇసుకను పట్టుకుంటుంది. బురదలో తీగల గుండు అంతగా ఆగదు, ఇసుకలో బ్రహ్మాండం.

నాలుగోది విసిరే దిక్కు, ఇది ఎవరూ చెప్పరు. ఎదురుగా విసరొద్దు. నీళ్లు ఎడమ నుంచి కుడికి పోతుంటే ఎడమవైపు, పై నీళ్లలోకి విసరండి. గుండు నేలకు తగిలాక వెంటనే బిగించకుండా ఇంకో పది పదిహేను మీటర్ల దారం వదలండి. ఆ వదిలిన దారం నీళ్లలో విల్లులాగా వంగుతుంది. అప్పుడు లాగుడు గుండును పైకి లేపదు, నేలకు అదిమి పక్కకు లాగుతుంది, తీగలు ఇంకా లోతుగా దిగుతాయి. చేప తగిలితే గుండు ఊడిపోయి దారం ఒక్కసారి వదులవుతుంది. రాడ్డు వంగుతుందని చూస్తూ కూర్చుంటారు మనవాళ్లు, అక్కడ చాలాసార్లు రాడ్డు నిటారుగా లేచి దారం వేలాడుతుంది, అదే కాటు. గబగబా రీలు తిప్పి దారం బిగిసేదాకా లాగాలి. నాకిది తెలిసేలోపు రెండేళ్లు పోయాయి, "గాలి కొట్టిందిలే" అనుకుని ఎన్ని వదిలేశానో.

రాడ్డు, రీలు ఖరీదైనవే కావాలా?

అక్కర్లేదు. 11, 12 అడుగుల రాడ్డు, 5000 సైజు రీలు, చివర ఒక మీటరున్నర మందం నైలాన్, 1/0 నుంచి 4/0 సైజు గాలాలు. ఖర్చు కన్నా కడగడం ముఖ్యం. మనం మంచినీళ్లకు అలవాటు పడినవాళ్లం, ఇంటికొచ్చి రీలు సంచిలో పడేస్తాం. నా మొదటి రీలు వారం రోజులు కారు డిక్కీలో ఉండి ఉప్పు పట్టి, పిడి తిప్పితే కాఫీ గింజలు విసిరినట్టు చప్పుడు చేసింది. వచ్చిన రాత్రే మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి, ఎంత నిద్ర వస్తున్నా సరే.

పిండి ముద్ద, ఎర్రలు పని చేస్తాయా?

పిండి ముద్ద రెండు నిమిషాల్లో కరిగి అన్నదానం అయిపోతుంది. ఎర్రలు మన జెల్లలకు బాగానే ఉంటాయి, ఉప్పునీళ్లలో చప్పబడి తెల్లగా పీలికలవుతాయి. అక్కడ పని చేసేది అక్కడి తిండే: రొయ్య, చిన్న పరిగెలు, చేప ముక్క. పొద్దున్నే వలవాళ్ల దగ్గర పచ్చి రొయ్యలు కొనండి.

రొయ్యను ఊరికే గుచ్చితే ఉరవడికి, పీతలకు నిలబడదు. తల తీసెయ్యకండి, వాసనంతా తలలోనే. తోక చివర రెక్కలు తుంచి, ఆ కొసలోంచి గాలం దూర్చి, పొట్ట వెంట ఒంపు తిప్పి, మొన మెడ కింద బయటికి తియ్యాలి. రొయ్య నిటారుగా ఉండాలి, వంకరగా ఉంటే నీళ్లలో గిరగిరా తిరిగి దారం ముడి పడుతుంది. తర్వాత సన్నటి సాగే దారం, పూలు కట్టే దారమైనా సరే, పదిహేను చుట్లు చుట్టండి. మొన మాత్రం బయట కనపడాలి. మా బావమరిది మొన మీద కూడా చుట్టి, మూడు గంటలు కూర్చుని, ఆరు రొయ్యలు చేపలకు దానం చేసి వచ్చాడు.

ఏమేం పడతాయి అసలు?

పండుగప్ప అందరి ఆశ. దాని సంగతి ఒకటి తెలుసుకోండి, పుట్టినప్పుడు మగదిగా పెరిగి, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. అంటే బాగా పెద్దది దొరికిందంటే అది గుడ్లు పెట్టే తల్లి. నేను ఒకటి వదిలేశా, ఇంట్లో ఇప్పటికీ తిడతారు. దాని చెంప పలక కత్తిలాగా కోస్తుంది, చెంపల దగ్గర వేళ్లు పెట్టకండి.

మాగ చేప దొరికితే అదృష్టం. కొయ్యింగ చేపలు గుంపులు గుంపులుగా ఎగురుతూ ఊరిస్తాయి, గాలానికి తొందరగా రావు, అవి బురదలో పాచి తినే రకం. నిజం చెప్పాలంటే పదిలో ఆరుసార్లు పడేది సముద్రపు జెల్ల. దాని సంగతి కింద చెప్తా. టేకు, అంటే తోకకు ముల్లుండే పలకలాంటి చేప, అది కూడా తగులుతుంది, రాయి తగిలినట్టు నేలకు అతుక్కుని కదలదు. మండపీత ఎరను పట్టుకుని గట్టు దాకా వచ్చి, మనల్ని చూసి వదిలేసి పోతుంది.

ఒళ్లు ఊదుకుని బంతిలాగా అయ్యే చేప పడితే దారం కోసి వదిలెయ్యండి. దాని విషం వండినా పోదు. తెడ్డులాంటి తోకున్న పాము తగిలితే గాలం తీసే ప్రయత్నమే వద్దు, దూరం నుంచే దారం కోసెయ్యండి. సముద్రపు పాములు ప్రాణాంతకం.

నీళ్లలోకి దిగి వేయొచ్చా? నాకు ఈత బాగానే వచ్చు.

ఈత బావిలో నేర్చుకున్న ఈత కదా? బావి ఎక్కడికీ పోదు. సెకనుకు ఒక మీటరు పారే నీళ్లు చూస్తే పెద్ద వేగంగా అనిపించవు, మనిషి నడక కన్నా కాస్తే తక్కువ. మామూలు మనిషి ఈదగలిగే వేగం అంత కూడా ఉండదు. మోకాలి లోతు దాటి నేను దిగను, పాటులో అయితే అసలు దిగను, ఎందుకంటే కాలు జారితే తీసుకుపోయేది సముద్రంలోకి.

ఇంతకన్నా ఎక్కువ ప్రమాదం ఇసుక మేటలతో. నా కథ చెప్తా. రెండో ఏడు, నేను, మా బావ, ఇంకో స్నేహితుడు. పాటు దిగి ఇసుక మేట ఒకటి వీపులాగా బయటపడింది. మధ్యలో చీలమండల లోతు కాలువ. నడిచి పోయాం, ఉగ్గాని పొట్లాలు, సంచులు అన్నీ అక్కడే పెట్టుకుని హాయిగా వేసుకుంటున్నాం. చేపలు కూడా పడుతున్నాయి, అదే కొంప ముంచింది. ముగ్గురం సముద్రం వైపే చూస్తున్నాం, నీళ్లు వెనకనుంచి నిండుతున్నాయి. మేట మధ్య ఎప్పుడూ ఎత్తుగా ఉంటుంది, కాళ్ల కింద పొడిగానే ఉంది కాబట్టి ఏం తెలియలేదు. అవతలి గట్టు మీంచి ఒక పెద్దాయన తువ్వాలు ఊపుతూ "పోటెక్కింది, రండయ్యా" అని అరిచాడు. తిరిగి చూస్తే చీలమండల కాలువ నడుం లోతుంది, పక్కకు తోసేస్తోంది. ఒకరి నడుం బెల్టు ఒకరం పట్టుకుని, పై నీళ్ల వైపు ఏటవాలుగా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాం. మా బావ ఫోను, నా గాలాల డబ్బా, మూడు జతల చెప్పులు పోయాయి. గట్టెక్కాక పెద్దాయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, అన్నీ న్యాయమే. తర్వాత ఆయనే టీ ఇప్పించాడు.

అప్పటినుంచి మేట మీదికి పోతే రెండు పనులు చేస్తా. నీళ్ల అంచున పుల్ల గుచ్చి, ఫోన్‌లో పావుగంటకోసారి అలారం పెట్టుకుని వెనక్కి చూస్తా. పాటు అడుగంటిన గంట రాగానే, చేప పడుతున్నా సరే, సంచి సర్దేస్తా.

ఒకవేళ కొట్టుకుపోతే ఏం చెయ్యాలి?

ఎదురీదొద్దు. వెల్లకిలా తేలి, కాళ్లు పారే దిక్కుకు పెట్టి, ఊపిరి కుదురుకున్నాక అడ్డంగా, గట్టు వైపు ఏటవాలుగా కొట్టుకుంటూ రావాలి. ఎక్కడ దిగామో అక్కడికే రావాలన్న పట్టుదల వద్దు, అర కిలోమీటరు కింద గట్టెక్కినా మనిషి మనిషే. రాడ్డు వదిలెయ్యండి. గట్టు మీదున్నవాడు దూకొద్దు, తాడు గానీ మూత బిగించిన ఖాళీ క్యాన్ గానీ విసరాలి. ఐదు లీటర్ల ఖాళీ క్యాన్‌కు పదిహేను మీటర్ల తాడు కట్టి పక్కన పెట్టుకోవడానికి ఖర్చేం లేదు. లైఫ్ జాకెట్ వేసుకుంటే నవ్వుతారని టెన్షన్ పడేవాళ్లున్నారు, నవ్వనివ్వండి. లుంగీతో మాత్రం రావద్దు.

జెల్ల ముల్లు గుచ్చుకుంటే?

మన ఏటి జెల్ల గుచ్చుకున్నా మంట పుడుతుంది, సముద్రపు జెల్ల అయితే మోచేయి దాకా గుంజుతుంది. వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెండు, మొత్తం మూడు ముళ్లు, వాటికి రంపంలాంటి పళ్లు. చేత్తో పట్టొద్దు, తడిగుడ్డ వేసి పట్టుకారుతో గాలం తియ్యండి, తొక్కి పట్టాలని చెప్పుతో తొక్కితే ముల్లు చెప్పులోంచి దిగుతుంది.

గుచ్చుకుంటే పుండు కడిగి, తట్టుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా పెట్టాలి. ఆ విషానికి వేడి పడదు, నొప్పి బాగా తగ్గుతుంది. వేడి ఎంతుందో బాగున్న చేత్తో ముందు చూసుకోండి, నొప్పిలో ఉన్న చెయ్యికి కాలినా తెలియదు. టేకు తోక ముల్లుకు కూడా ఇదే మందు. ముల్లు లోపల విరిగినా, పొట్టకు, ఛాతీకి తగిలినా నేరుగా ఆసుపత్రికే, పీకడానికి ప్రయత్నించొద్దు. ధనుర్వాతం ఇంజెక్షన్ తప్పనిసరి. ఫ్లాస్కులో వేడినీళ్లు తీసుకుపోతా నేను, గుచ్చుకోకపోతే టీకి పనికొస్తాయి. నీళ్లలో నడిచేటప్పుడు అడుగు ఎత్తి వేయకుండా నేల మీద ఈడ్చుకుంటూ నడిస్తే ఇసుకలో పడుకున్న టేకు ముందే తప్పుకుంటుంది.

ఏ నెలల్లో పోతే మంచిది?

సంక్రాంతి తర్వాత నుంచి ఏప్రిల్ దాకా. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు, ఏరంతా ఎర్రనీళ్లు. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది గుర్తుందిగా? చెయ్యేరు పెన్నలో కలిసేదే. ఆ రోజుల్లో నెల్లూరు దగ్గర పెన్న ఎట్లా పొంగిందో అందరం టీవీలో చూశాం. సోమశిల గేట్లు ఎత్తారని వార్త వస్తే పోటు పట్టికను పక్కన పడేయండి, అప్పుడు ఆరు గంటలు కాదు, రోజంతా పాటే. రేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే ప్రయాణం మానుకోవడమే. ఎండాకాలం చివర్లో ఇంకో సమస్య, ఏటి నీళ్లు లేక మొగ దగ్గర ఇసుక మేట వేసి నోరు ఇరుకవుతుంది, పోయినసారి నిలబడిన చోటు ఈసారి ఉండకపోవచ్చు.

వేట నిషేధం మనకు వర్తిస్తుందా? పర్మిషన్ కావాలా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో నిషేధం మర పడవలకు. గట్టు మీంచి గాలం దాని కిందికి రాదు. కానీ రేవు ప్రాంతం, అభయారణ్యాల హద్దులు, రొయ్యల చెరువుల కట్టలు, వీటి జోలికి పోవద్దు. మన రిజర్వాయర్లలోనూ చేపల హక్కు సొసైటీలదో, లైసెన్సు ఉన్నవాళ్లదో ఉంటుంది, అడగకుండా వేయకూడదు.

జనవరి నుంచి మార్చి దాకా తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. రాత్రి లైట్లు కొట్టొద్దు, దగ్గరికి పోవద్దు. వన్యప్రాణి చట్టంలో వాటికి పులితో సమానమైన రక్షణ ఉంది.

అక్కడివాళ్లు ఏమీ అనరా?

మనం ఎట్లా ఉంటే వాళ్లు అట్లా. మనకిది సరదా, వాళ్లకు అన్నం. వల వేసి ఉన్నచోట వందడుగులు దూరం జరగండి, మన సీసం వలకు తగిలితే వాళ్లకు ఒక పూట కుట్టుపని. దిగగానే ఎవరో ఒకరిని "అన్నా, ఇక్కడ వేసుకోవచ్చా, నీళ్లు ఎప్పుడు తిరుగుతాయి?" అని అడగండి. యాప్ చెప్పనివి నాలుగు చెప్తారు. తెగిన దారం ముక్కలు గట్టు మీద పారేసి రావద్దు, పక్షుల కాళ్లకు చుట్టుకుంటాయి.

చేపలు పాడవకుండా ఇంటికి ఎట్లా తేవాలి?

నెల్లూరు నుంచి ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు మీదుగా ప్రొద్దుటూరుకు నాలుగు గంటలు సులభంగా పడుతుంది, మార్చి తర్వాత బద్వేలు ఎండ సంగతి మీకు చెప్పేదేముంది. థర్మాకోల్ పెట్టెలో చేప ఎంత బరువో ఐసు అంత. పట్టిన వెంటనే పేగులు, మొప్పలు తీసేసి, ఐసు అడుగున ఒక పొర, మధ్యలో, పైన. కరిగిన నీళ్లు కింద నిలబడకుండా చిన్న కంత పెట్టండి. ఐసు మాత్రం నెల్లూరులోనే కొనుక్కుని పోండి, గట్టు దగ్గర దొరుకుతుందని నమ్ముకుంటే మా మొదటి ట్రిప్పులాగా పిల్లులకు పండగ. ఇంటికి చేరితే మామిడికాయ వేసిన నెల్లూరు పులుసా, మన కారం పులుసా అన్నది ఇంట్లో పంచాయితీ, సంగటి మాత్రం ఖాయం.

నువ్వు మళ్లీ ఎప్పుడు పోతున్నావన్నా?

సంక్రాంతి అయ్యాక మొదటి అష్టమి చూసుకుని, తెల్లవారుజామున రెండింటికి శివాలయం సెంటర్ నుంచి. కారులో ఒక సీటు ఖాళీ ఉంది. సీసం గుండ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, పోయినసారి నావి పన్నెండు పోయాయి, అందులో నేను పోగొట్టింది మూడే.